అతుకుల బొంత బస్సు

అమెరికాలో స్థిరపడిన మన బ్లాగరు మిత్రులకు పసుపుపచ్చ బడి బస్సును ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. అది ఎర్రదీపాలు వెలిగించి, పక్కనుంచి "స్టాప్" పలకను చాచి నిలబడిందంటే వెనకున్న కార్లన్నీ బుద్ధిగా ఆగిపోతాయి. తక్కినవాళ్ళం ఆంగ్ల చిత్రాలలో చూసి ఉంటాం. ఎన్ని దశాబ్దాల నాటి చిత్రమైనా బస్సు మాత్రం అదే మొద్దు ముక్కుతో, అదే నల్ల పట్టీలతో కనిపిస్తుంది. కార్ల రూపురేఖలు ఏటేటా మారిపోయే దేశంలో ఈ ఒక్క వాహనం తాతల నాటి కోటు వేసుకుని ఎందుకు తిరుగుతోందన్న సందేహం నన్ను చాలాకాలం వెంటాడింది. చదువుతూ పోతే తేలిందేమిటంటే, ఆ కోటు పైకి మారకపోయినా లోపలి కుట్టు చాలాసార్లు మారింది. కుట్టు మార్చిన ప్రతిసారీ దాని వెనుక ఏదో ఒక దుర్ఘటన ఉంది. ఆ కుట్టును, అంటే రేకుకూ రేకుకూ మధ్యనుండే అతుకును, మొదటగా పట్టించుకున్న ఒక బస్సు గురించి ఈ టపా. దాని పేరు వేన్ లైఫ్‌గార్డ్.

కథ జట్కాతో మొదలవుతుంది. ఇండియానా రాష్ట్రంలో 1837లో ఒక చిన్న ఇనుప పోత కార్ఖానాగా పుట్టిన వేన్ సంస్థ, తరువాత రిచ్మండ్ పట్టణానికి చేరి వ్యవసాయ పరికరాలూ బండ్లూ చేసేది. 1892లో ఒహాయోలోని ఒక బడి కోసం ప్రత్యేకంగా పిల్లల బండ్లు తయారుచేసింది. వాటిని జనం "కిడ్ హ్యాక్" అనేవారు. హ్యాక్ అంటే అద్దెగుర్రబ్బండి కనుక "పిల్లల జట్కా" అంటే సరిపోతుంది. మన జట్కాకూ దానికీ పోలిక పేరులోనే కాదు, నిర్మాణంలోనూ ఉంది. రెండు పక్కలా పొడుగ్గా బల్లలు, పిల్లలు ఎదురుబొదురుగా మోకాళ్ళు తగిలేలా కూర్చోవడం, ఎక్కేది దిగేది వెనుకనుంచి. ముందు నుంచి ఎక్కితే గుర్రాలు బెదురుతాయి కదా! తరువాత గుర్రాలు పోయి మోటారు వచ్చింది. వేన్ వారు 1914లోనే బండి పైభాగాన్ని తెచ్చి మోటారు ఛాసీ మీద కూర్చోబెట్టారు. అయినా వెనుక ద్వారం చాలాకాలం అలాగే ఉండిపోయింది. ముందు తలుపు వచ్చాక కూడా వెనుకది అత్యవసర ద్వారంగా మిగిలింది. గుర్రం కోసం పెట్టిన ఆ తలుపు తరువాతి కాలంలో ఎందరి ప్రాణాలు నిలిపిందో, ఎందరికి అందక పోయిందో ముందు ముందు చూద్దాం.

బండ్లకు ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో ఒక మాట చెప్పాలి. అమెరికా పల్లెల్లో ఒకే గది, ఒకే పంతులు ఉండే బడులు వేల సంఖ్యలో ఉండేవి. వాటిని మూసి, నాలుగైదు ఊళ్ళకు కలిపి పెద్ద బడి పెట్టాలంటే పిల్లల్ని చేరవేయాలి. ఆ ఖర్చు ప్రభుత్వ సొమ్ముతో పెట్టవచ్చునని మసాచుసెట్స్ 1869లోనే చట్టం చేసింది. 1919 నాటికి నలభై ఎనిమిది రాష్ట్రాలూ అదే బాట పట్టాయి.

కొయ్య బాడీలు మోటారు అదురుకు నిలిచేవి కావు. జార్జియా రాష్ట్రం ఫోర్ట్ వ్యాలీలో ఫోర్డ్ కార్ల వ్యాపారం చేసే ఆల్బర్ట్ లూస్ అనే ఆయన ఒక ఖాతాదారుకు కొయ్య బాడీ బస్సు అమ్మితే, వాయిదాలు తీరకముందే అది ఊడిపోసాగింది. దాంతో ఆయన 1927లో ఇనుప కోణాలు, రేకులు కలిపి తానే ఒక బాడీ కట్టించాడు. అదే బ్లూ బర్డ్ సంస్థకు మొదటి బస్సు. అమెరికాలో మిగిలి ఉన్న బడి బస్సులలో అత్యంత పాతదిగా పేరుపొంది, ఇప్పుడు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ ప్రదర్శనశాలలో ఉన్నది.

రంగు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1939 ఏప్రిల్లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కళాశాలలో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు ఒక సమావేశం ఏర్పాటు చేశాడు. నెబ్రాస్కా పల్లెలో పుట్టినవాడు, పల్లెబడుల కష్టాలు తెలిసినవాడు. అంతకు రెండేళ్ళ ముందు దేశమంతటా పిల్లలు ఎలా బడికి పోతున్నారో పరిశీలిస్తే లారీలు, గుర్రబ్బండ్లు, రకరకాల రంగుల బస్సులు కనబడ్డాయట. దేశభక్తి పెరుగుతుందని ఒకచోట బస్సుకు ఎరుపు, తెలుపు, నీలం పూశారు! రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన 5,000 డాలర్లతో సైర్ రాష్ట్రాల విద్యాధికారులనూ, ఛాసీలు చేసేవారినీ, బాడీలు కట్టేవారినీ, రంగుల కంపెనీల నిపుణులనూ వారం రోజులు ఒకచోట కూర్చోబెట్టాడు. నిమ్మపండు పసుపు నుంచి ముదురు నారింజ ఎరుపు దాకా యాభై ఛాయలను గోడకు వేలాడదీసి చూపించాడు. తెల్లవారుజాము మసకలోనూ సాయంసంధ్యలోనూ నల్ల అక్షరాలు స్పష్టంగా కనిపించే పసుపును ఎంచుకున్నారు. దానికి "నేషనల్ స్కూల్ బస్ క్రోమ్" అని పేరు పెట్టారు. ఆ క్రోమ్ పసుపు సీసంతో తయారయ్యేది. పిల్లల బస్సుకు సీసం రంగు! తరువాతి కాలంలో సీసం తీసేసి పేరు కూడా మార్చారు. సమావేశంలో మొత్తం 44 ప్రమాణాలు నిర్ణయించారు. కప్పు ఎత్తు, నడవా వెడల్పు, బాడీ పొడవు వంటివన్నీ అందులో ఉన్నాయి. ఇవన్నీ సలహాలే కాని శాసనాలు కావు. ఆ పసుపును అన్ని రాష్ట్రాలూ ఒప్పుకునే సరికి 1974 వచ్చింది. చివరగా ఒప్పుకున్నది మినెసోటా.

లోకం సైర్ గారిని రంగు కోసమే గుర్తుపెట్టుకున్నది. నా దృష్టిలో ఆయన చేసిన అసలు మేలు కొలతలు కలపడం. ఒక్కో జిల్లా ఒక్కో కొలత అడిగినంతకాలం బాడీ కట్టేవాడు ఒక్కొక్క బస్సును విడిగా చేతితో కట్టవలసిందే. కొలతలు కలిశాకే యంత్రాలకు పని దొరికింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సంప్రదాయంగా బడి బస్సును ఇద్దరు తయారుచేస్తారు. ఇంజనూ చక్రాలూ ఉన్న లారీ ఛాసీని ఒక పెద్ద కంపెనీ పంపుతుంది. దానిమీద బాడీ కట్టేది వేరొకరు. విజయవాడ ఆటోనగర్ చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. బోసి ఛాసీ మీద డ్రైవరు తలకు గుడ్డ చుట్టుకుని ఎండలో నడుపుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆపితే, కొన్ని వారాలకు అది రంగురంగుల బస్సో లారీయో అయి బయటికి వెళ్ళేది. అమెరికాలో షెడ్డు పెద్దది, పద్ధతి అదే. నేల మీద అడ్డకమ్మీలు పరిచి, ఒక పక్క నేల నుంచి కప్పు మీదుగా రెండో పక్క నేల దాకా వంచిన ఉక్కు కమాన్లను వరుసగా నిలబెడతారు. బస్సుకు పక్కటెముకలు ఇవే. వాటిమీద లోపలా బయటా రేకులు పరచి రివెట్లతోనో స్క్రూలతోనో బిగిస్తారు. పక్కలకు అడ్డంగా కనిపించే నల్ల పట్టీలు అలంకారం కాదు. తాకిడికి తట్టుకోవడానికి బిగించిన ఉక్కు పట్టీలు.

రేకులు ఎంత పొడుగుంటాయి? రెండు మూడు కిటికీల మేర మాత్రమే. వాటిని పక్కపక్కన పేర్చి, ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కించి అతికితే బస్సు పొడవు వస్తుంది. ఇందులో తయారీదారుకు ఒక సౌకర్యం ఉంది. పొడుగు బస్సు కావాలంటే మరో ముక్క కలిపితే చాలు. అతుకుల బొంత లాగా ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. ఖర్చు తగ్గించాలంటే రివెట్లు దూరదూరంగా వేస్తే సరి. పైన రంగు పడ్డాక ఎవరికి కనిపిస్తుంది?

ప్రమాదాలలో కనిపించింది. 1960లలో ఢీకొన్న, బోల్తాపడ్డ బస్సులను పరిశీలించినవారికి ఒక విషయం తెలిసివచ్చింది. కమాన్లు వంగడం వల్ల కంటే రేకులు అతుకుల దగ్గర విడిపోవడం వల్ల ఘోరం జరుగుతోంది. విడిపోయిన రేకు అంచు కత్తిలా లోపలికి తిరుగుతుంది. ఆ వైపు విసిరివేయబడిన పిల్లవాడిని అది ఏం చేస్తుందో నేను వర్ణించను. సీట్ల సంగతీ అంతే. 1967లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బస్సులను కావాలని ఢీకొట్టించి చూసి, పొట్టి సీట్ల పైన ఉండే ఇనుప గొట్టం పిల్లల ముఖాలకు ప్రమాదమనీ, వీపులు ఎత్తుగా మెత్తగా ఉండాలనీ చెప్పింది. చెప్పిన వెంటనే ఎవరూ వినలేదు.

వేన్ వారి లైఫ్‌గార్డ్ 1973లో వచ్చింది. వారి ఇంజనీర్ల ఆలోచన వినడానికి చాలా తేలిక. అతుకు బలహీనమైతే దాన్ని బలపరచడం ఒక దారి, అసలు అతుకే లేకుండా చేయడం రెండో దారి. వారు రెండోది పట్టారు. పక్కలకూ కప్పుకూ, లోపలా బయటా, బస్సు ముందు నుంచి వెనుక దాకా ఒకే పొడవైన రేకు వాడారు. ఇందుకు రోల్ ఫార్మింగ్ యంత్రాలు కావాలి. చెరకు గానుగలో గడను దూర్చినట్టు చుట్టరేకును వరుసగా ఉన్న రోలర్ల జతల మధ్యకు పంపుతారు. ఒక్కో జత దాన్ని కొద్దికొద్దిగా వంచుతుంది. అవతలి చివరకు వచ్చేసరికి రేకు నిండా పొడవునా గట్లు పడి ఉంటాయి. పల్చటి రేకైనా ఆ గట్ల వల్ల బిర్రుగా నిలుస్తుంది. సిమెంటు రేకుల కప్పు చూసినవారికి ఈ కిటుకు తెలిసినదే. రేకు అంతటినీ కమాన్లకు బిగిస్తే నిలువు అతుకులు దాదాపు మాయమవుతాయి. బాడీ బరువు తగ్గింది, రివెట్ల లెక్క తగ్గింది, పనిగంటలు కూడా తగ్గాయి.

మరి తక్కినవారందరూ ఎందుకు అనుసరించలేదు? నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన ప్రశ్న ఇదే. మొదటిది, అంత పెద్ద యంత్రాలకు పెట్టుబడి కావాలి. ముప్ఫై అడుగులు పైబడిన పల్చటి రేకును మడత పడకుండా ఎత్తి తిప్పడానికి వేరే సరంజామా కావాలి. రెండవది, ప్రతి బస్సుకూ రేకును ముందుగానే సరిగ్గా ఆ కొలతకు కోయాలి. ముక్కల పద్ధతిలో అంగుళం తేడా వస్తే అతుకులో కప్పేయవచ్చు. ఇక్కడ కప్పడానికి అతుకే లేదు! వేన్ వారి అచ్చు పనితనం అంతా ఆ కోతలో ఉంది.

ఈలోగా ప్రభుత్వం కదిలింది. 1974లో అమెరికా కాంగ్రెస్ బడి బస్సుల భద్రతకు చట్టం చేసింది. దాని ప్రకారం వచ్చిన ప్రమాణాలు 1977 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. బస్సు కప్పు మీద దాని సొంత బరువుకు ఒకటిన్నర రెట్లు మోపినా 5 1/8 అంగుళాల లోపే కుంగాలి, అప్పుడు కూడా అత్యవసర ద్వారాలు తెరుచుకోవాలి. అతుకు బలం, అది కలిపే రేకులలో బలహీనమైన దాని బలంలో కనీసం 60 శాతం ఉండాలి. ఇంధనపు తొట్టికి తాకిడి నుంచి రక్షణ ఉండాలి. సీట్లు ఎత్తయిన మెత్తని వీపులతో దగ్గర దగ్గరగా ఉండాలి. పెద్ద బస్సులో పిల్లలకు నడుము పట్టీలు తప్పనిసరి చేయలేదు. గంపలో వరిగడ్డి మధ్య పేర్చిన మామిడిపళ్ళలా ముందు వెనుకల సీట్ల మధ్యే పిల్లవాడు సురక్షితంగా ఉంటాడన్నది వారి లెక్క. ఆ లెక్క మీద వాదోపవాదాలు దశాబ్దాలు సాగాయి, కొన్ని రాష్ట్రాలు పట్టీలు పెట్టించాయి కూడా.

అతుకు నియమాన్ని తక్కిన కంపెనీలు మరిన్ని రివెట్లు కొట్టీ, మధ్యలో బలమైన జిగురు పూసీ నెగ్గాయి. బొంత బొంతగానే ఉండి, కుట్లు దగ్గర పడ్డాయి. నాలుగేళ్ళ ముందే దారి చూపిన వేన్‌కు దానివల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. ప్రమాణం ఎలా సాధించారో చట్టం అడగదు, సాధించారా లేదా అన్నదే అడుగుతుంది.

ఇక్కడే ఆ "ఇద్దరు తయారీదారుల" పద్ధతి ఒక భయంకరమైన సందు వదిలింది. బస్సు పుట్టినతేదీ ఏది? ఛాసీ చేసిన రోజా, బాడీ పూర్తయిన రోజా? ఛాసీ తేదీని బట్టి పాత నియమాలతోనే బాడీ కట్టుకోవడానికి వీలుంది. కెంటకీ రాష్ట్రం కొన్న బస్సులలో ఒకదానికి ఫోర్డ్ ఛాసీ 1977 మార్చి 23న తయారైంది. ఏప్రిల్ 1కి తొమ్మిది రోజుల ముందు. దానిమీద ఒహాయోలోని లైమా పట్టణంలో సుపీరియర్ సంస్థ బాడీ కట్టింది. కొత్త నియమాలేవీ దానికి వర్తించలేదు. తొట్టి కుడివైపు, ముందు తలుపు దగ్గర, రక్షణ చట్రం లేకుండానే ఉండిపోయింది.

ఆ బస్సు పదేళ్ళు బడిపిల్లల్ని మోసి, తరువాత ఒక చర్చికి అమ్ముడుపోయింది. 1988 మే 14 రాత్రి, వినోద ఉద్యానం చూసి తిరిగి వస్తున్న 67 మందితో కెంటకీలోని కారల్టన్ సమీపంలో పెద్దరోడ్డు మీద వెళుతున్నది. తాగి, తప్పు దిశలో వస్తున్న ఒక పికప్ ట్రక్కు ఎదురుగా ఢీకొట్టింది. ఆ తాకిడికి నేరుగా చనిపోయినవారు ఎవరూ లేరు. ముందు తలుపు తెరవడానికి వీల్లేకుండా నలిగిపోయింది. ఊడిన స్ప్రింగు కమాను పట్టీ తొట్టిని చీల్చింది. పెట్రోలు అంటుకుంది. సీట్లలోని నురుగు మండి విషపు పొగ కమ్మింది. మిగిలినది వెనుక ద్వారం ఒక్కటే, ఆనాడు గుర్రాల కోసం పెట్టిన ద్వారం. పన్నెండంగుళాల నడవాలో అరవై మందికి పైగా ఆ ఒక్క తలుపు వైపు తోసుకున్నారు. ఇరవై ఏడుగురు బయటికి రాలేకపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలే.

తాగి నడిపినవాడి నేరం గురించి ఎవరికీ సందేహం లేదు, అతనికి శిక్ష పడింది. కాని ఆ నిందంతా అతని మీద పెట్టి ఊరుకోవడానికి నా మనసు ఒప్పుకోదు. తొట్టికి రక్షణ ఎలా చేయాలో తెలియని రోజులు కావు అవి. తెలిసింది, చట్టమూ అయింది, తేదీ కూడా ప్రకటించారు. ఆ తేదీకి తొమ్మిది రోజుల ముందు చేసిన ఛాసీకి అవే మార్పులు చేయడానికి అడ్డు వచ్చింది విజ్ఞానం కాదు. "ఇంకా అవసరం లేదు కదా" అన్న మాటే.

తరువాత కెంటకీ తన బడి బస్సులకు తొమ్మిది అత్యవసర మార్గాలు ఉండాలని నిర్ణయించింది. ముందు వెనుకల తలుపులు, పక్క తలుపు, నాలుగు కిటికీలు, కప్పులో రెండు మూతలు. సులువుగా అంటుకోని సీట్లు వచ్చాయి. దేశమంతటా కూడా ద్వారాల సంఖ్య పెరిగింది. అన్నట్టు, మన దేశంలోనూ నియమాలు ఇలాగే వచ్చాయి. 1997 నవంబరులో ఢిల్లీ వజీరాబాద్ వంతెన మీదనుంచి బడి బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయాకే సుప్రీంకోర్టు బడి బస్సులకు వేగ నియంత్రణ వంటి ఆదేశాలు ఇచ్చింది.

వేన్ సంగతి ఏమైంది? 1970ల చివరికి అమెరికాలో యుద్ధానంతరం పుట్టిన పెద్ద తరం బడులు దాటిపోయింది. బస్సులకు గిరాకీ పడిపోయింది, డీజిలు ధర పెరిగింది. సుపీరియర్ లైమాలో బడి బస్సులు కట్టడం మానేసింది. ఆర్కన్సాలోని వార్డ్ సంస్థ దివాలా తీసి ఆమ్‌ట్రాన్‌గా మళ్ళీ పుట్టింది. వేన్ మరో దశాబ్దం ఈదింది. పెద్ద యంత్రాలకు తిండి పెట్టాలంటే పెద్ద సంఖ్యలో బస్సులు అమ్ముడు కావాలి, అవి కాలేదు. 1992లో వేన్ దివాలా తీసింది. మరొకరు కొని ఒహాయోకు మార్చి లైఫ్‌గార్డ్‌ను కొన్నాళ్ళు కట్టినా 1995తో అదీ ఆగిపోయింది. రిచ్మండ్‌లోని ఖాళీ కార్ఖానాలోకి ఒకప్పటి పోటీదారు కార్పెంటర్ వచ్చి చేరింది. 2001లో ఆ సంస్థా మూతబడింది. ముక్కల రేకులతో కట్టుకుంటూ వచ్చిన బ్లూ బర్డ్ మాత్రం ఫోర్ట్ వ్యాలీలో నేటికీ బస్సులు చేస్తున్నది.

బళ్ళ నుంచి విరమించిన లైఫ్‌గార్డులు కొన్ని ఇళ్ళుగా, విడిది బండ్లుగా మారాయి. అమెరికాలోని మిత్రులకు ఎప్పుడైనా పాత బడి బస్సు తారసపడితే ఒక్క క్షణం పక్కనుంచి చూడండి. రెండు మూడు కిటికీలకొకసారి పైనుంచి కిందికి రివెట్ల వరుస కనిపిస్తే అది మామూలు బస్సు. ముందు చక్రం వెనుక మొదలైన గట్టు ఎక్కడా తెగకుండా వెనుక దీపం దాకా సాగితే అది రిచ్మండ్‌లో పుట్టినది.